గుండె ఎకో అంకెలు, సముద్రంలో చేపల లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం పట్నంలో ఎకో (శబ్దంతో గుండెని చూసే పరీక్ష) గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది కళింగపట్నం పక్కన తీరపల్లె. నాన్న తెప్ప మీద వేటకెళ్లేవాడు, అన్నయ్య ఇప్పుడు ఇంజను బోటు మీద వెళ్తున్నాడు. పగలంతా రిపోర్టు పట్టుకుని "ఈ అంకె నిజమేనా బాబూ" అని అడిగేవాళ్లతో గడుస్తుంది. ఆదివారం ఇంటికెళ్తే, రేవులో పుస్తకం పట్టుకుని కూచున్న సర్వే కుర్రాణ్ణి చూపించి "నాలుగు గంపలు చూసీసి సముద్రమంతా ఎలా చెప్పీగలడ్రా ఈడు" అంటాడు అన్నయ్య. ఇద్దరి అనుమానమూ ఒకటే. కంటికి కనపడనిదాన్ని కొలిచి అంకె వేశాం, దాన్ని ఎంతవరకు నమ్మాలి? పదేపదే అడిగిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. మందు మొదలుపెట్టడం, ఆపడం మీ డాక్టరు పని. ఇది చదివి మాత్ర మానేశానని మాత్రం నా దగ్గరికి రావద్దు.

గుండెకీ చేపకీ ఏటి సంబంధం?

కొలిచే పనిముట్టు ఒకటే: శబ్దం. నార్వేలో ఆస్కార్ సుండ్ అనే మత్స్య శాస్త్రవేత్త, లోఫోటెన్ దగ్గర కాడ్ చేపల గుంపులు ఎకో సౌండర్ (నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేదాన్ని గీసే పరికరం) కాగితం మీద గీతలుగా పడటాన్ని 1935లో ప్రచురించాడు. ఆ తర్వాత 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి గుండె కదలికని అల్ట్రాసౌండ్‌తో మొదటిసారి గీయించారు. వాళ్లు మొదట పరికరం అరువు తెచ్చుకున్నది మాల్మోలోని ఓడల కర్మాగారం నుంచి. అక్కడ లోహంలో పగుళ్లు వెతకడానికి అలాంటి పరికరం వాడేవారు. అంటే మా ఎకో గది పుట్టుకలో కూడా ఉప్పునీటి వాసన ఉంది.

శబ్దం సముద్రపు నీటిలో సెకనుకి దాదాపు 1500 మీటర్లు, మన కండలో దాదాపు 1540 మీటర్లు పోతుంది. పెద్ద తేడా లేదు. ఇరవై బారల లోతున ఉన్న గుంపుని తాకి తిరిగి రావడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. ఛాతీలో 15 సెంటీమీటర్ల లోతున్న గుండె గోడని తాకి రావడానికి సెకనులో ఐదు వేలో వంతు చాలు. మిషన్ కొలిచేది ఆ సమయాన్నే. సెంటీమీటర్లు, మిల్లీలీటర్లు, శాతాలు అన్నీ దాని మీద కట్టిన లెక్కలు.

ఒక్క విషయంలో రెండూ ఎడమొహం పెడమొహం. నాకు గాలి శత్రువు. ఊపిరితిత్తి అడ్డొస్తే బొమ్మ మాయమవుతుంది, అందుకే మిమ్మల్ని ఎడమ పక్కకి తిరిగి పడుకోమని, ఊపిరి వదిలి బిగబట్టమని సతాయిస్తాను. చేపల లెక్కకి గాలే ఆధారం. చేప కడుపులో ఉండే గాలితిత్తి నుంచే ఎకోలో ఎక్కువ భాగం తిరిగొస్తుంది. సొరచేపకీ టేకుచేపకీ ఆ తిత్తి లేదు. అట్లాంటిక్‌లో దొరికే కానాగంత జాతికీ లేదు. అందుకే అవి ఉన్నదానికన్నా చాలా చిన్నగా వినిపిస్తాయి.

మా ఆయనకి ఈఎఫ్ 45 అని రాసారు. అంటే సగానికి సగం గుండె పోయినట్టేటండీ?

కాదమ్మా. ఇది వారానికి నాలుగుసార్లు వినే ప్రశ్న. ఒక పెద్దావిడ అయితే తన రిపోర్టులో 58 చూసి "ఫస్టు క్లాసు రెండు మార్కుల్లో పోయింది" అని నిజంగానే బాధపడింది.

ఈఎఫ్ అంటే గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్క దెబ్బకి ఎంత శాతం బయటికి పోతుందో చెప్పే అంకె. అందులో వందకి వంద ఎవరికీ రాదు, రాకూడదు. గుండె ఎడమ కింది గది నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి. పిండేశాక లోపల 50 మిగిలింది. బయటికి వెళ్లింది 70. డెబ్బైని నూట ఇరవైతో భాగిస్తే 58 శాతం. అది ఆరోగ్యవంతుడి గుండే. 2డి ఎకోలో మగవాళ్లకి 52 నుంచి 72, ఆడవాళ్లకి 54 నుంచి 74 మామూలు హద్దు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో 40, అంతకన్నా తక్కువైతే తగ్గినట్టు, 41 నుంచి 49 అయితే కొద్దిగా తగ్గినట్టు, 50 పైన నిలిచి ఉన్నట్టు లెక్కేసి వైద్యం నిర్ణయిస్తారు. మీ ఆయనది మధ్య గట్టు మీద ఉంది.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. గుండె సాగిపోయి గదిలో 200 మిల్లీలీటర్లు పడుతోందనుకోండి, ఈఎఫ్ 35. బయటికి వెళ్లేది ఎంత? 200లో 35 శాతం, అంటే 70 మిల్లీలీటర్లే. ఆరోగ్యవంతుడూ 70 పంపాడు, ఈయనా 70 పంపాడు. బీపీ బాగానే ఉంటుంది, సంతకెళ్లి వస్తాడు, "నాకేం రోగం" అంటాడు. శాతం ఒక్కటే చూసినా మోసమే, మిల్లీలీటర్లు ఒక్కటే చూసినా మోసమే. గది ఎంత పెరిగిందో కూడా పక్కన ఉండాలి.

చేపల లెక్కలో కూడా ఇలాంటి భిన్నం ఒకటుంది. ఏడాదిలో చచ్చే చేపల్లో వలలో పడి చచ్చేవి ఎన్నో వంతు? అది సగం దాటితే వేట ఎక్కువైనట్టు అని పాత సూత్రం, ఇప్పటికీ మొదటి చూపుకి వాడతారు. గుండె సగానికి పైగా పంపితే సంతోషం, వల సగానికి పైగా లాగితే దిగులు.

ఒక ఆస్పత్రిలో 57, వారం తిరక్కుండానే ఇంకోచోట 48. ఎవరిది తప్పు?

బహుశా ఎవరిదీ కాదు. దీనికి కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే.

ఎం-మోడ్ అని ఒక పాత పద్ధతి ఉంది. గదికి అడ్డంగా ఒకే గీత వేసి, నిండినప్పటి వ్యాసం, పిండినప్పటి వ్యాసం కొలుస్తాం. ఆ రెండు అంకెల్ని టైఖోల్జ్ సూత్రంలో వేస్తే మిషనే పరిమాణం చెప్పేస్తుంది. గది చక్కటి కోడిగుడ్డు ఆకారంలో ఉందని ఆ సూత్రం ముందే ఒప్పేసుకుంటుంది. గుండెపోటు వచ్చి ఒక పక్క గోడ కదలనివాళ్లకి ఆ నమ్మకమే తప్పు. బాగా కదిలే చోట గీత పడితే మంచి అంకె, చచ్చుబడ్డ చోట పడితే చెడ్డ అంకె.

ఇప్పుడు లెక్క చూడండి. నిండినప్పుడు 5.0 సెంటీమీటర్లు, పిండినప్పుడు 3.5 అని నేను కొలిచాను. ఈఎఫ్ 57 వస్తుంది. అదే మనిషికి రెండో టెక్నీషియన్ పిండినప్పటి కొలత 3.8 అని పెట్టాడు. ఈఎఫ్ 48. తేడా ఎంత? మూడు మిల్లీమీటర్లు. వరిగింజ అడ్డకొలతంత. గోడ అంచు ఎక్కడో మసగ్గా ఉన్న బొమ్మలో మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ కావడం ఎంతసేపు? కొత్తలో నేనే గది లోపల పొడుచుకొచ్చిన కండరాన్ని గోడ అనుకుని దాని అంచున గుర్తు పెట్టేవాణ్ణి. గది చిన్నదై, మనిషి ఉన్నదానికన్నా బలవంతుడిగా కనిపించేవాడు. మా సార్ చూసి చెయ్యి పట్టుకుని దిద్దించారు.

ఇంత చిన్న తప్పు అంత పెద్దది ఎందుకవుతుందంటే, పొడవు నుంచి పరిమాణానికి వెళ్లేటప్పుడు అంకెని దానితో అదే మూడుసార్లు గుణిస్తాం. పొడవులో పది శాతం ఎక్కువ కొలిస్తే ఘనంలో 33 శాతం ఎక్కువ వస్తుంది. చేపల దగ్గర అచ్చం ఇదే జరుగుతుంది. చేప బరువు దాదాపు పొడవు ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, సర్వేవాళ్లు పొడవు కొలిచి బరువు లెక్కేస్తారు. కానాగంతని మూతి నుంచి తోక చీలిక దాకా కొలుస్తారా, తోక కొస దాకానా? ఒకడు ఒకలా, ఇంకొకడు ఇంకోలా కొలిచి, రెండు పట్టికలూ కలిపేశారంటే ఏటేటికీ చేపలు లావెక్కుతున్నట్టో చిక్కుతున్నట్టో కనిపిస్తుంది. సముద్రంలో మాత్రం ఏమీ మారి ఉండదు. అన్నట్టు కానాగంత శాస్త్రీయ నామంలో ఉన్న ‘కానాగుర్త’ మన మాటే. ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో చేపల్ని గీయించి స్థానిక పేర్లతో 1803లో అచ్చు వేయిస్తే, అక్కణ్ణుంచి ప్రపంచమంతా అదే పేరు నిలిచింది.

ఎం-మోడ్ కన్నా మెరుగైనది సింప్సన్ పద్ధతి. గుండె కొస వైపు నుంచి రెండు కోణాల్లో చూసి లోపలి అంచు గీస్తే, మిషన్ ఆ గదిని ఇరవై బిళ్లలుగా కోసి, బిళ్లల పరిమాణాలన్నీ కూడుతుంది. ఇడ్లీలు పేర్చినట్టు. దీనికీ ఒక జబ్బుంది. ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే పనిముట్టు) సరిగ్గా కొస మీద కాకుండా పక్కన పెడితే గది పొట్టిగా, గుండ్రంగా కనపడుతుంది, పరిమాణం తక్కువ వస్తుంది. గుండె కొట్టుకోవడం క్రమం తప్పినవాళ్లకి ఒక్కో దెబ్బకి ఒక్కో ఈఎఫ్ ఉంటుంది, అందుకని కనీసం ఐదు దెబ్బల సగటు తీయాలి. గదిలో జనం నిండి ఉన్నప్పుడు ఎంతమంది తీస్తారో నేను చెప్పను.

ఇదంతా కలుపుకుంటే, మామూలు 2డి ఎకోలో రెండు రిపోర్టుల మధ్య పది పాయింట్ల లోపు తేడా వస్తే ముందుగా అనుమానించాల్సింది కొలతని. అది నిజంగా మారిందా అన్నది లక్షణాలు, రక్తపరీక్షలు, పాత బొమ్మలు పక్కపక్కన పెట్టి డాక్టరు తేలుస్తారు.

నా రిపోర్టులో ఏ పద్ధతో ఎక్కడ తెలుస్తుంది?

‘సింప్సన్’, ‘బైప్లేన్’, ‘ఎం-మోడ్’, ‘విజువల్’ అనే మాటల్లో ఏదో ఒకటి ఈఎఫ్ పక్కన ఉండాలి. బైప్లేన్ అంటే రెండు కోణాల్లో చూసిన సింప్సనే. విజువల్ అంటే కంటితో చూసి వేసిన అంచనా. అనుభవం ఉన్న డాక్టరు వేస్తే దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఏ మాటా లేకపోతే అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఉంది. ఎకో తీయించుకుంటే కిడ్నీకి దెబ్బా?

మామూలు ఎకోకి ఏ మందూ ఎక్కించరు. శబ్దం తప్ప ఒంట్లోకి ఏమీ వెళ్లదు. కవిటి నుంచో మందస నుంచో తెల్లారుజామున బస్సెక్కి వచ్చి, బల్ల మీద పడుకున్నాక ఈ భయం చెప్పేవాళ్లని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ముందే అడిగి ఉంటే దారంతా నిబ్బరంగా వచ్చేవారు కదా.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గుండె రక్తనాళాల సీటీకి అయోడిన్ ఉన్న రంగు ఎక్కిస్తారు, కిడ్నీ బలహీనంగా ఉంటే దాని గురించి ముందే చెప్పాలి. గుండె ఎంఆర్‌ఐలో గాడోలినియం వాడొచ్చు, కిడ్నీ వడపోత అంకె 30 కన్నా తక్కువైతే అందులో ఏ రకం వాడాలో, అసలు వాడాలో వద్దో జాగ్రత్తగా చూస్తారు. రక్తనాళాల్లో సున్నం ఎంతుందో కొలిచే కాల్షియం స్కోరు సీటీకి మాత్రం రంగు అక్కర్లేదు. ఆ స్కోరు సున్నా అయితే మంచిది, 400 దాటితే ఎక్కువ.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ఇంకో మాట. డయాలసిస్‌కి ముందు ఒంట్లో నీరు చేరి ఉంటుంది, గుండె గదులు ఉబ్బి కనిపిస్తాయి. తర్వాత నీరు తీసేశాక అదే గుండె చిన్నదవుతుంది. ఒకసారి ముందు రోజు, ఇంకోసారి మర్నాడు తీయించి "గుండె బాగుపడింది" అని పండగ చేసుకోవద్దు. నీరు తీసేసి, మీ అసలు బరువుకి దగ్గరగా ఉన్నప్పుడు తీయించుకోండి, ప్రతిసారీ అలాగే తీయించుకోండి. అన్నయ్యకి ఇది చెబితే "పోటులో ఓసారి, పాటులో ఓసారి రేవు లోతు కొలిచినట్టు" అన్నాడు.

సముద్రంలో చేపల్ని ఎవరు లెక్కపెడతారు? నాలుగు గంపలు చూస్తే ఎలా తెలుస్తుంది?

దేశం మొత్తానికి ఒడ్డుకి చేరిన చేపల లెక్క కట్టేది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ. 1947లో మొదలైంది, చాలా ఏళ్లు తమిళనాడు మండపంలో ఉండేది, ఇప్పుడు ప్రధాన కార్యాలయం కొచ్చిలో. మన తీరం విశాఖ ప్రాంతీయ కేంద్రం కిందికి వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా తీరం దాదాపు 193 కిలోమీటర్లు. విజయనగరం వైపు భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో చిన్న ముక్క. ఇచ్ఛాపురం దగ్గర్నుంచి చింతపల్లి, కోనాడ దాకా ప్రతి రేవులో ప్రతి పూటా మనిషిని కూచోబెట్టడం అయ్యే పని కాదు. అందుకని రేవుల్ని, రోజుల్ని, పడవల్ని చీటీలు తీసినట్టు ఎంచుతారు. ఎంచిన రేవుకి సర్వే మనిషి మొదటి రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకా, మర్నాడు పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం దాకా ఉంటాడు. మధ్యలో రాత్రి దిగినవాటి సంగతి అడిగి రాసుకుంటాడు. పడవలు కొద్దిగా ఉంటే అన్నీ చూస్తాడు, ఎక్కువైతే కొన్నే. ఆ తర్వాత పైకి పెంచే గుణకారం మొదలవుతుంది: చూసిన పడవల నుంచి ఆ రోజు మొత్తం పడవలకి, ఆ రోజుల నుంచి నెలకి, ఆ రేవుల నుంచి తీరం ముక్కకి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, కుండ ఒకటైతే. సముద్రం ఒక కుండ కాదు. అలివి వలలో నెత్తళ్లు పడతాయి, గాలానికి కోనాం, సూర పడతాయి, మరబోటు ట్రాల్ వలలో అడుగున ఉన్నదంతా ఊడ్చుకొస్తుంది. అన్నిటినీ కలిపి సగటు తీస్తే ఎవరిదీ కాని అంకె వస్తుంది. కాబట్టి వల రకాన్ని బట్టి, ఇంజను ఉన్నదాన్ని లేనిదాన్ని విడదీసి, ఒక్కో కుండలో ఒక్కో మెతుకు పడతారు. గణాంకాలవాళ్లు దీన్ని స్తరీకరణ అంటారు. నాకు కుండల మాటే నచ్చుతుంది.

మెతుకు పట్టడంలో కూడా మోసపోవచ్చు. వేలానికి పెట్టే గంపలో పెద్ద చేపలు పైకి, చిన్నవి అడుక్కీ సర్దుతారని మన ఆడవాళ్లందరికీ తెలుసు. సర్వే కుర్రాడు పైనున్న ఇరవై చేపల్ని కొలిచి వెళ్లిపోతే సముద్రం నిండా పెద్ద చేపలే. ఎకో గదిలో పది దెబ్బల్లో అందంగా కనిపించిన ఒక్క దెబ్బనే కొలవడం కూడా గంప పైపొర చూడటమే.

ఇంకో సంగతి. మన కుర్రాళ్లు చాలామంది గుజరాత్‌లో వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. వాళ్లు పట్టిన చేప గుజరాత్ లెక్కలోకి పోతుంది. చేప ఏ రేవులో దిగితే ఆ రేవు ఖాతా. శ్రీకాకుళం రెక్కల కష్టం ఎంతన్నది చేపల పట్టికలో దొరకదు.

వలకి బాగానే పడుతున్నాయి కదా, చేపలు తగ్గాయంటారేటి?

అన్నయ్య ప్రశ్న. దీని మీద మేం రెండు పండగలు మాట్లాడుకోలేదు.

ఒక రోజు వేటకి ఎన్ని కిలోలు పడిందన్నది సముద్రంలో ఎన్ని ఉన్నాయో చెప్పే సూచికగా వాడతారు. కానీ ‘ఒక రోజు’ అనే కొలబద్దే సాగిపోతోంది. నాన్న రోజుకీ అన్నయ్య రోజుకీ పోలికే లేదు. నాన్నకి తెడ్డు, తెరచాప, ఒడ్డున తాటిచెట్ల గుర్తు. అన్నయ్యకి ఇంజను, జీపీఎస్, ఫిష్ ఫైండర్, ఇంకో బోటు నుంచి వైర్‌లెస్‌లో కబురు. అదే పది గంపలు తేవడానికి నాలుగింతలు దూరం వెతికితే, పది గంపలు ‘అలాగే ఉంది’ అనడం ఎలా?

రెండోది, చేపల స్వభావం. కవళ్లు, కానాగంతలు గుంపుగా తిరిగేవి. సంఖ్య తగ్గినా చెదిరిపోవు, ఉన్నవన్నీ ఒకచోట చేరతాయి. గుంపు ఎక్కడుందో యంత్రం చూపిస్తుంది కాబట్టి ఆఖరి గుంపు దాకా వల నిండుతూనే ఉంటుంది. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ కాడ్ విషయంలో ఈ దెబ్బే తగిలింది. వాణిజ్య బోట్లకి చేప బాగానే పడుతోందన్న అంకెలు చూసి నిల్వ ఎక్కువుందని లెక్కేశారు. 1992 జులై 2న ప్రభుత్వం వేట మొత్తం ఆపేయాల్సి వచ్చింది, దాదాపు 30 వేల మందికి పని పోయింది.

200 మిల్లీలీటర్ల సాగిన గుండె గుర్తుందా? బయటికి 70 వస్తూనే ఉంది, మనిషి తిరుగుతూనే ఉన్నాడు. నిండుగా ఉన్న వల కూడా అలాంటి మనిషే.

మరి సముద్రంలోకే వెళ్లి కొలవలేరా?

కొలుస్తారు, రెండు దారులున్నాయి.

మొదటిది వల లాగి చూడటం. భారత మత్స్య సర్వే సంస్థకి విశాఖలో స్థావరం ఉంది, వాళ్ల ఓడలు ఇలాంటి సర్వేలు చేస్తాయి. ఊహకి ఒక లెక్క వేద్దాం. ఓడ గంటకి రెండున్నర నాటికల్ మైళ్ల వేగంతో ఒక గంట ట్రాల్ వల లాగింది, అంటే 4630 మీటర్లు. వల నోరు నిజంగా తెరుచుకున్నది 15 మీటర్లు. ఊడ్చిన నేల దాదాపు 0.07 చదరపు కిలోమీటర్లు. పడింది 70 కిలోలు. కాబట్టి చదరపు కిలోమీటరుకి ఒక టన్ను. కానీ వల దారిలో ఉన్న చేపలన్నీ వలలో పడవు కదా. సగం తప్పించుకున్నాయని అనుకుంటే రెండు టన్నులు. ముప్పావు వంతు తప్పించుకున్నాయంటే నాలుగు. పడింది అదే 70 కిలోలు! తప్పించుకున్న వంతు గురించి మనం ఏమనుకున్నామో దాన్ని బట్టి జవాబు నాలుగింతలు మారింది. ఇలాంటి సర్వే అంకె వింటే నేను ముందు ఆ వంతు ఎంత పెట్టారో చూస్తాను.

రెండోది శబ్దం. ఓడ అడుగున 38 కిలోహెర్ట్జ్ లాంటి ఎకో సౌండర్ పెట్టి, తిరిగొచ్చిన శబ్దాన్నంతా కూడి, ఒక్క చేప ఎంత శబ్దం తిప్పికొడుతుందో దాంతో భాగిస్తారు. ఆ ‘ఒక్క చేప’ అంకెలో మూడు డెసిబెల్స్ పొరబడితే చేపల సంఖ్య రెట్టింపో సగమో అయిపోతుంది. అందుకే సర్వేకి ముందు 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళీని దారంతో ఓడ కింద వేలాడదీసి, దాని ఎకో ఎంతో ముందే తెలుసు కాబట్టి మిషన్‌ని సరిచూస్తారు. ఈ అలవాటు చూస్తే నాకు అసూయ. మా గదుల్లో బొమ్మ వెలుగు పెంచే గెయిన్ బటన్ ఎవరికి ఇష్టమొచ్చినట్టు వాళ్లు తిప్పుతారు. ఎక్కువ తిప్పితే గోడలు ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తాయి, లేని వాపు రిపోర్టులోకి ఎక్కుతుంది.

గుర్తు పెట్టి వదిలిన చేపతో లెక్కకడతారట, ఎలా?

ఇంట్లో పిల్లలతో చేసి చూడండి. గిన్నెలో గుప్పెళ్లకొద్దీ కాబూలీ శనగలు పోయండి, లెక్కపెట్టకండి. వాటిలో వంద తీసి సిరా గుర్తు పెట్టి, మళ్లీ కలిపేయండి. బాగా కలియబెట్టి, చూడకుండా 80 తీయండి. వాటిలో గుర్తున్నవి 8 వచ్చాయనుకోండి. పదింట ఒకటి గుర్తుది. గుర్తు పెట్టినవి వంద కాబట్టి మొత్తం వెయ్యి. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ పేరుతో ఈ లెక్క నడుస్తోంది.

మళ్లీ 80 తీస్తే 5 రావచ్చు, అప్పుడు 1600. లేదా 11, అప్పుడు 727. అదే గిన్నె. నాలుగుసార్లు చేశాక మా మేనకోడలు "ఇంతకీ ఎన్ని మామయ్యా" అని విసుక్కుంది. ఆ విసుగులోనే పాఠమంతా ఉంది. అందుకే శాస్త్రజ్ఞులు వెయ్యి అని ఊరుకోరు, ఇంత నుంచి ఇంత లోపు అని రాస్తారు. మన పత్రికలు మధ్య అంకె ఒక్కటే ఉంచి మిగతాది కత్తిరిస్తాయి.

ఐసీయూలో గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోందో కొలిచే ఒక పద్ధతి ఇదే. సన్నటి గొట్టం గుండా కొలిచిన చల్లటి సెలైన్ వదిలి, కిందివైపు రక్తం ఎంత చల్లబడిందో చూస్తారు. చల్లదనమే సిరా గుర్తు. ఎక్కువ రక్తం పారితే గుర్తు త్వరగా పలచబడి పోతుంది. గుండెలో కుడివైపు కవాటం బాగా లీకవుతుంటే గుర్తు వెనక్కీ ముందుకీ తిరిగి లెక్క చెడుతుంది, గుర్తు పెట్టిన చేప వేరే తీరానికి వలస పోయినట్టు.

చేప వయసు చెప్పగలరా?

తలలోపల చెవిరాయి ఉంటుంది, చల్లటి దేశాల చేపలకి దాని మీద చెట్టు మానులోలా ఏడాదికో వలయం పడుతుంది. మన వెచ్చటి నీళ్లలో ఏటి వలయాలు స్పష్టంగా విడిపడవు కాబట్టి, నెలనెలా పొడవులు కొలిచి, గుంపు ఎలా పెరుగుతోందో చూసి పెరుగుదల వేగం అంచనా కడతారు. గంప పైపొర మాత్రమే కొలిస్తే ఇది కూడా చెడుతుంది.

వేట నిషేధం అయిపోయిన మర్నాడు బోలెడు చేప పడుతుంది. అంటే నిషేధం పనిచేసినట్టేనా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. మొదటి రోజు పడే చేప, ఆగిన 61 రోజులూ ఎవరూ పట్టని చేప. పాల పాకెట్టు రెండు రోజులు తీసుకోకపోతే మూడో రోజు గుమ్మం ముందు మూడుంటాయి, గేదె ఎక్కువ ఇచ్చిందని కాదు. నిషేధం ఫలితం తెలియాలంటే పిల్లచేపలు బతికి, పెరిగి, తర్వాతి నెలల్లోనూ ఏళ్లలోనూ ఎన్ని కనిపిస్తున్నాయో, వేట శ్రమ ఎంత పెరిగిందో రెండూ కలిపి చూడాలి. నేను నిషేధానికి వ్యతిరేకిని కాను. జూన్ 15 నాటి ఫొటోని దానికి సాక్ష్యంగా చూపిస్తేనే ఒప్పుకోను.

రెండు మిషన్ల కొలతలు "చాలా బాగా కలుస్తున్నాయి" అంటారు. నమ్మొచ్చా?

కలవడం వేరు, సరిపోవడం వేరు. ప్రతి తూకంలో సరిగ్గా పది శాతం కొట్టేసే కాటా ఒకటి ఉందనుకోండి. పది కిలోలకి తొమ్మిది, ఇరవైకి పద్దెనిమిది. మంచి కాటాతో పోల్చి గ్రాఫు గీస్తే గీత తిన్నగా వస్తుంది, సహసంబంధం నూటికి నూరు. చేప అమ్మినవాడు మాత్రం మునిగాడు. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1986లో లాన్సెట్ పత్రికలో ఇదే ఎత్తిచూపి, రెండు కొలతల తేడాని గీయండి అన్నారు. సగటున ఎంత తేడా, ఎక్కువలో ఎక్కువ ఎంత దాకా పోతోంది అన్నది దాన్లో తెలుస్తుంది. కొత్త మిషన్ అమ్మడానికి వచ్చే సేల్స్ వాళ్లని నేను ఆ బొమ్మే అడుగుతాను.

కంప్యూటరే ఈఎఫ్ లెక్కేస్తుందట కదా ఇప్పుడు?

వేస్తోంది. అలసిపోదు, అదే బొమ్మకి ప్రతిసారీ అదే జవాబిస్తుంది, అది గొప్పే. ప్రోబ్ పక్కన పెట్టి తీసిన పొట్టి బొమ్మ ఇస్తే అదే తప్పు జవాబుని ప్రతిసారీ తడబడకుండా చెబుతుంది.

ఎకోకి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి? పస్తుండాలా?

ఛాతీ మీద నుంచి తీసే మామూలు ఎకోకి పస్తు అక్కర్లేదు, తినే రండి. పాత రిపోర్టు, వీలైతే పాత బొమ్మల సీడీ, వాడే మందుల చీటీ తెచ్చుకోండి. వదులు చొక్కా వేసుకోండి. ఎత్తు, బరువు అడిగితే ఉజ్జాయింపుగా చెప్పకండి, గది సైజుని ఒంటి సైజుతో భాగించి చూస్తాం కాబట్టి అక్కడ ఐదు కిలోల గొప్పలు కూడా రిపోర్టులోకి ఎక్కుతాయి. వీలైతే ప్రతిసారీ ఒకేచోట తీయించుకోండి.

నీ ఎకో మిషన్ మా బోటులో పెడితే చేపలు కనిపిస్తాయేట్రా?

అన్నయ్యదే. మా మిషన్‌లో లోతు ఎంత పెంచినా పాతిక ముప్ఫై సెంటీమీటర్లు. అంత దగ్గరికొచ్చిన చేపని చేత్తో పట్టుకోవచ్చు. తిరగేసి, బోటు ఫిష్ ఫైండర్‌ని ఛాతీ మీద పెడితే? 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం పొడవే ఏడున్నర మిల్లీమీటర్లు. గుండె గోడ మందం పదికి అటూ ఇటూ. లోపల ఏదో ఉందని తెలుస్తుంది, గుండో కానాగంతో తెలీదు.